పిన్నుల పిన్నికి మూడో స్థానం

మా పిన్ని మాట అర్థం కావాలంటే ఎవరికైనా ఆర్నెల్లు పడుతుంది. భాషలో తేడా ఏం లేదు, నోట్లో పిన్నులుంటాయి, అంతే. పొద్దున తొమ్మిదింటికి దుకాణం షట్టర్ ఎత్తగానే నాలుగు గుండుపిన్నులు పెదాల మధ్య ఇరికించుకుంటుంది. ఇక భోజనానికి లేచేదాకా ప్రపంచంతో వ్యవహారమంతా మిగిలిన ఆ కాస్త సందులోంచే. "చెయ్యెత్తండి" అంటే "హెయ్యెత్తండి" అని వినిపిస్తుంది. కొత్తగా వచ్చిన ఒక పెద్దమనిషి ఏం అర్థం చేసుకున్నాడో ఏమో, రెండు నిమిషాలు ఒంటికాలి మీద నిలబడ్డాడు. పిన్ని ఏమీ అనకుండా ఆ కాలు కొలిచి పంపించింది.

అందుకే వీధంతా ఆవిణ్ణి పిన్నుల పిన్ని అంటుంది. నాకైతే సొంత పిన్ని. ముగ్గురు అక్కచెల్లెళ్ళలో మా అమ్మ పెద్దది, ఈవిడ మూడోది. ఈ 'మూడోది' అన్న మాట కాస్త గుర్తుపెట్టుకోండి, కొంప మునిగింది దాంతోనే.

మూడు అంకెకీ మా పిన్నికీ మొదట్నుంచీ పడదు. బళ్ళో పరుగుపందెంలో మూడో బహుమతి వచ్చిందని సబ్బుపెట్టె ఇచ్చారు. ఇంటికొచ్చి సంబరంగా చూపిస్తే, ఎంతమంది పరిగెత్తారే అని మా అమ్మ అడిగింది. ముగ్గురు. ఆ సబ్బుపెట్టె ఇప్పటికీ ఉంది, అందులో హుక్కులు పోసుకుంటుంది. పదహారో ఏట బట్టల ఫ్యాక్టరీలో చేరింది. పదకొండేళ్ళపాటు చొక్కాలకి ఎడమ చేతులు మాత్రమే కుట్టింది. కుడి చేతులు కుట్టే ఆవిడ వేరే హాల్లో ఉండేదట, ఆవిడ మొహం కూడా పిన్ని చూళ్ళేదు. నెలనెలా బాగా పనిచేసిన ముగ్గురి పేర్లు గోడ మీద రాసేవారు. పిన్ని పేరు ఇరవై రెండుసార్లు ఎక్కింది, ఇరవై రెండుసార్లూ అట్టడుగునే. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరన్నా అడిగితే కొలతలు కుదరలేదంటుంది. మూడుతో పేచీ వల్లే మూడు ముళ్ళ దాకా వెళ్ళలేదని మా అమ్మ అంటుంది.

ఫ్యాక్టరీలో ఆవిణ్ణి బాధపెట్టింది ఎడమ చేతులు కాదు, మాట్లాడకూడదన్న రూలు. వంద మిషన్లు, వందమంది ఆడవాళ్ళు, ఒక్క మాట లేదు. ఒకరోజు సాయంత్రం గేటు బయట ఎవరో టైమెంతయిందని అడిగితే జవాబు చెప్పబోయి, తన గొంతు తనకే పరాయిదిలా వినిపించి భయపడిపోయిందట. ఆ నెలలోనే మానేసి ఈ దుకాణం పెట్టుకుంది.

దుకాణం అంటే ఎనిమిదడుగుల వెడల్పు. కొత్త బట్టలు కుట్టదు. వదులైనవి బిగిస్తుంది, బిగుతైనవి వదులు చేస్తుంది, జిప్పులు మారుస్తుంది, పొడవు ప్యాంట్లు మడిచి కుడుతుంది. ముందు మిషను, పక్కన సీసాల్లో గుండీలు, గోడకి ఒక అద్దం. ఆ అద్దంలో ఎవరైనా నాలుగు కేజీలు తగ్గినట్టు కనిపిస్తారు, అందుకే పని లేకపోయినా కొందరు వచ్చి చూసుకుని పోతుంటారు. వెనకాల ఒక తెర, ఆ తెర వెనకాల పిన్ని ఇల్లు. ఇల్లంటే మంచం, పొయ్యి, ఒక కిటికీ.

దుకాణం ముందు, కాలిబాట మీద, ముగ్గురు కూర్చునే బస్సు సీటు ఒకటుంది. అది కండక్టర్ గారి సీటు. ఆయన ముప్ఫై ఏళ్ళు పనిచేసిన బస్సు తుక్కు కింద పోతుంటే, ఊరికే వదల్లేక ఆ సీటు విప్పించి తెచ్చి ఇక్కడ పడేశారు. రోజూ తొమ్మిదింటికల్లా వస్తారు. కానీ కూర్చోరు. ముప్ఫై ఏళ్ళు నిలబడ్డ కాళ్ళు, కూర్చుంటే తిమ్మిరెక్కుతాయంటారు. షట్టర్ పక్కనున్న ఇనపరాడ్డు పట్టుకుని నిలబడి, ఎవరొచ్చినా లోపలికి జరగండి, లోపలికి జరగండి అంటుంటారు. పిన్ని కంటే ఏడేళ్ళు పెద్దాయన, అయినా "పిన్నిగారూ" అనే పిలుస్తారు.

రెండో మనిషి నర్సమ్మ. నైట్ డ్యూటీ దిగి ఆస్పత్రి నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చి, సీటుకి ఓ మూల తల ఆనించి నిద్రపోతుంది. ఇల్లు లేక కాదు. ఆవిడ పై వాటాలో రెండేళ్ళుగా డ్రిల్లు పెట్టి నేలకి కన్నాలు వేస్తున్నారు, ఎందుకో ఎవరికీ తెలీదు. పిన్ని మిషను చప్పుడు జోలపాటలా ఉంటుందంటుంది. మిషను ఆగితే ఉలిక్కిపడి లేస్తుంది.

మూడో అతన్ని అందరూ అల్లుడు అంటారు. అత్తగారింట్లో ఉంటూ, ఇంట్లోంచే కంప్యూటర్ ఉద్యోగం చేసుకోవాల్సిన మనిషి. కానీ అతను మీటింగులో ఉండగా అత్తగారు వెనకాల నించుని, వీళ్ళలో నీ జీతం పెంచనివాడు ఎవడు బాబూ అని అడగడం మొదలుపెట్టాక, లాప్‌టాప్ చంకన పెట్టుకుని సీటు మీదికి వచ్చిపడ్డాడు. పైన ఇస్త్రీ చొక్కా, కింద నిక్కరు. అతని వెనకాల మడతలకి ఇచ్చిన ప్యాంట్లు వేలాడుతుంటాయి. వాళ్ళ కంపెనీలో అందరూ ఇతనికి బోలెడు ప్యాంట్లున్నాయనుకుంటారు.

వీళ్ళు కాక వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. పిన్ని మిషను తొక్కుతూ, పిన్నుల సందులోంచి అందరికీ జవాబులు చెబుతూనే ఉంటుంది.

ఇక నా సంగతి. నేను నగర కార్యాలయంలో అనువాదకురాలిని. ఇంగ్లీషులో వచ్చే కాగితాల్ని తెలుగులోకి మార్చి, ఎవరికీ అర్థం కాకుండా చెయ్యడం నా ఉద్యోగం. ఈమధ్య ఒక పథకం వచ్చింది. మనిషికి ఇల్లు మొదటి చోటట. పని చేసేది రెండో చోటట. ఈ రెండూ కాకుండా, పనేమీ లేకపోయినా వెళ్ళి నలుగురితో కూర్చునేది మూడో చోటట. నగరాల్లో అలాంటివి కరువైపోతున్నాయి కాబట్టి ఉన్నవాటిని గుర్తించి కాపాడాలట. చదువుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఇది మా పిన్ని సీటు కాకపోతే మరేమిటి? పైగా త్వరలో కాలిబాటలు వెడల్పు చేస్తున్నారు, వాటి మీదున్న బల్లలూ కుర్చీలూ పీకేస్తారు. పథకంలో ఎక్కినవి మాత్రం ఉంచుతారు. సిబ్బందిని పేర్లు సూచించమంటే అందరికంటే ముందు పిన్ని దుకాణం రాసిచ్చింది నేనే.

తర్వాత ఆ నలభై పేజీల ఫైలూ సాయంత్రంలోగా తెలుగు చెయ్యమన్నారు. నేను 'మూడో చోటు' అని రాశాను. మా సూపరింటెండెంట్ గారు చూసి, 'చోటు' ఏమిటమ్మా చవగ్గా, కార్యాలయ భాష బరువుగా ఉండాలి అన్నారు. సరే, బరువుగా 'స్థానం' అని మార్చాను. మూడో స్థానం. అక్కడితో నాకు మూడింది.

ఉత్తరం సోమవారం పిన్నికి అందింది. ఆఫీసు అయ్యాక మంచి కబురు విందామని ఉత్సాహంగా వెళ్ళాను. పిన్ని నోట్లోంచి పిన్నులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చుతోంది. పనివేళలో పిన్నులు తీసిందంటే విషయం పెద్దదన్నమాట. అల్లుడు ఉత్తరం పైకి చదువుతున్నాడు. మీ దుకాణం ముందరి కూర్చునే సదుపాయమును నగరమందలి మూడో స్థానంగా పరిశీలించుచున్నాము, వచ్చే వారం శుక్రవారం ఉదయం తనిఖీ జరుగును, స్థానం ఖరారైనచో సదరు సీటు యథాతథంగా ఉంచబడును, కానిచో తొలగించబడును.

పిన్ని మొత్తం విని, సీటు వంక చూసి, నన్ను అడిగింది.

"మొదటిదెవరు?"

నేను నోరు తెరిచాను. అప్పుడే చెప్పేస్తే ఈ కథే లేదు. కానీ నేను తెరిచేలోపు, ఎవడో గాడిద కూర్చుని రాసుంటాడు, మన సీటు మొహం కూడా చూడకుండా మార్కులు వేసేశాడు అని ఆవిడే అంది. గాడిద నోరు మూసుకుంది. అది ర్యాంకు కాకపోవచ్చు పిన్నీ అని కాసేపాగి గొణిగితే, నువ్వు ఆ ఆఫీసులోనే కదే ఏడ్చేది, వాళ్ళని వెనకేసుకు రాకేం చేస్తావని కసిరింది. కండక్టర్ గారు అప్పటికే మొదటి రెండు స్థానాలూ ఎవరికిచ్చారో కనుక్కొస్తానని బయల్దేరారు.

మర్నాడు పిన్ని ఒక ఫిర్యాదు రాయించింది. రాసింది ఎవరనుకున్నారు? చేతిరాత బాగుంటుందని నన్నే కూర్చోబెట్టింది. ముప్ఫై ఏళ్ళు బస్సులో తిరిగొచ్చిన మా సీటుని మూడోదని తేల్చిన మహానుభావుడి చదువెంత, చూపెంత అని నా చేత్తో నేనే రాశాను. బుధవారం అది మా కార్యాలయానికి చేరి, చేతులు మారి మారి, జవాబు రాయవలసిందిగా అని నా బల్ల మీదే పడింది. ఇది దేవుడిచ్చిన అవకాశం, పిన్ని మొహం చూడకుండా నిజం చెప్పేయొచ్చు అనుకున్నాను. నాలుగుసార్లు కొట్టేసి, మా సూపరింటెండెంట్ గారు ఇంకో రెండుసార్లు బరువు పెంచాక, చివరికి తయారైన జవాబు ఇది: ఇందలి స్థానము అనునది స్థానమును సూచించునే గానీ స్థానమును కాదని తెలియజేయడమైనది.

అల్లుడు దాన్ని మూడుసార్లు చదివాడు. నర్సమ్మ నిద్రలేచి ఒకసారి విని మళ్ళీ పడుకుంది. వీడికి మతి కూడా లేదు పాపం అంది పిన్ని. ఆ జాలి తిట్టు కంటే ఎక్కువ తగిలింది నాకు.

ఇంతలో కండక్టర్ గారు కబురు మోసుకొచ్చారు. మూడు వీధుల అవతల కొత్తగా అద్దాల కాఫీ షాపు ఒకటి తెరిచారు, మొదటి స్థానం కచ్చితంగా దానిదేనని ఆయన అనుమానం. శనివారం పిన్ని నన్ను వెంటబెట్టుకుని అది చూడ్డానికి వెళ్ళింది. చేతిలో టేపు కూడా తెచ్చుకుంది. కుర్చీల మధ్య దూరం కొలిచింది, మొక్కలు లెక్కపెట్టింది, మెత్తలు వత్తి చూసింది. అక్కడ ఇరవైమంది దాకా ఉన్నారు, ఎవరి చెవుల్లో వాళ్ళు వైర్లు పెట్టుకుని, ఎవరి తెర వంక వాళ్ళు చూసుకుంటున్నారు. ఒక్కళ్ళూ మాట్లాడ్డం లేదు. గోడ మీద అందమైన అక్షరాలతో, ఇతరుల ప్రశాంతతను గౌరవించండి అని రాసుంది. పిన్ని దాన్ని చాలాసేపు చదివింది. మనం ఎక్కడ వెనకబడ్డామో అర్థమైందే అంది తిరిగొచ్చేటప్పుడు.

ఆదివారమంతా మరమ్మతు. సీటుకి ఆకుపచ్చ రంగు పడింది. పైన ప్లాస్టిక్ తొడుగు కుట్టింది, అంచులకి పైపింగ్‌తో సహా. అటూ ఇటూ రెండు పూలకుండీలు వచ్చాయి. షట్టర్ మీద అట్టముక్క వేలాడింది. అందులో మూడే రూల్స్. సీటు మీద నిద్రపోరాదు. సీటు పక్కన నిలబడరాదు. ఫోన్లలో మాట్లాడరాదు. మూడు రూల్స్, ముగ్గురు మనుషులు. ఒక్కొక్కరికీ సరిగ్గా కొలత తీసి కుట్టినట్టు పట్టాయి.

సోమవారం నర్సమ్మ వచ్చి తల వాల్చబోతే పిన్ని లేపింది. ప్లాస్టిక్ మీద ఎలాగూ జారిపోతున్నానులే అని ఆవిడ వెళ్ళిపోయింది. కండక్టర్ గారిని కూర్చోమన్నారు. ఆయన పాపం పదినిమిషాలు కూర్చున్నారు, కాళ్ళు తిమ్మిరెక్కాయి, లేవలేక లేవలేక లేచి, పిన్నిగారూ నా స్టాపు వచ్చేసింది అని దిగిపోయారు. అల్లుడు రెండు మీటింగులు సైగలతో నడిపి, మధ్యాహ్నానికి లాప్‌టాప్ మూసేశాడు. మంగళవారం ఎవరూ రాలేదు. బుధవారం కూడా. సీటు మాత్రం అద్భుతంగా ఉంది. అంత శుభ్రమైన, అంత ప్రశాంతమైన, అంత ఖాళీ సీటు ఆ కాఫీ షాపులో కూడా లేదు.

గురువారం ఆఫీసునుంచి నేను వెళ్ళేసరికి పిన్ని మిషను ముందు ఊరికే కూర్చుంది. నోట్లో పిన్నులు లేవు. ఒళ్ళో ఒకే రకం యూనిఫాం చొక్కాలు రెండున్నాయి. ఎవరో హోటల్లో పనిచేసే అన్నదమ్ములవి, భుజాలు బిగించమని ఇచ్చారు. అందుకోసం చేతులు విప్పి మళ్ళీ కుట్టాలి. పిన్ని ఒక చొక్కా ఎత్తి నాకు చూపించింది. దానికి రెండూ ఎడమ చేతులే. రెండో దానికి రెండూ కుడివి.

"పొద్దుట్నుంచీ ఒక్క మాట లేదే," అంది. "మిషను చప్పుడు తప్ప ఏం లేదు. చెయ్యి దానంతటదే ఎడమది తీసి కుట్టేసింది. మళ్ళీ ఆ ఫ్యాక్టరీలోనే ఉన్నట్టుంది."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూశాక ఇంక నావల్ల కాలేదు. ఆ గాడిదని నేనే పిన్నీ అన్నాను. ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను, చోటు, స్థానం, బరువు, నలభై పేజీలు, ఫిర్యాదు, జవాబు, అన్నీ.

పిన్ని ఒళ్ళోని చొక్కాలు మడిచి పక్కన పెట్టింది. తర్వాత అడిగింది.

"అయితే మొదటిది?"

"ఇల్లు."

"ఎవరిల్లు?"

"ఎవరిల్లూ కాదు పిన్నీ, ఎవరిల్లు వాళ్ళకి. పందెమే లేదు అసలు." ఫైల్లో ముప్ఫై ఒకటో పేజీ ఉన్నదున్నట్టు చెప్పాను. కాలిబాట మీది చోటు ఎవరికైనా మొదటిదైతే, అంటే అక్కడే కాపురముంటే, ఆక్రమణ కింద తీసేస్తారు. రెండోదైతే వ్యాపారం కింద తీసేస్తారు. రెండూ కాకుండా మూడోదైతేనే ఉంచుతారు.

పిన్ని అంతా విని, నా నెత్తి మీద ఒక్క మొట్టికాయ వేసింది. గట్టిగానే వేసింది. తర్వాత కుట్లు విప్పే చిన్న కొక్కెం తీసుకుని బయటికెళ్ళి, ఆ ప్లాస్టిక్ తొడుగు ఒక చివర్నుంచి ఇంకో చివరికి సర్రున విప్పేసింది. అట్టముక్క పీకేసింది. తప్పు కుట్టు పడితే బాధపడుతూ కూర్చోకుండా విప్పడమే ఆవిడ వృత్తి. పది రోజులుగా ఊరందర్నీ తిట్టాను, నా పరువు తియ్యకు, ఈ స్థానం గొడవ ఆ ముగ్గురికీ చెప్పకు అని నాతో ఒట్టేయించుకుంది. సీటు మీద నలుగురు కనిపిస్తే చాలు, తనిఖీకి వచ్చినవాళ్ళు వీళ్ళనేం అడుగుతారులే అని నేనూ ఒప్పుకున్నాను.

చీకటి పడకముందే ముగ్గురిళ్ళకీ తిరిగాం. క్షమించండి అన్న మాట మా పిన్నికి నోట్లో పిన్నులు లేకపోయినా రాదు. కండక్టర్ గారి గుమ్మంలో నిలబడి, మీ చొక్కా రెండో గుండీ వదులుగా ఉంది, ఊడిపోతుంది, రేపు పొద్దున పట్టుకురండి అంది. ఆయన గుండీ పట్టుకుని లాగి చూసుకున్నారు. అది గోడకి కొట్టిన మేకులా ఉంది. అవును పిన్నిగారూ, బాగా వదులైంది అన్నారు. నర్సమ్మతో డ్యూటీ కోటు అంచు దిగిపోయిందంది. అల్లుడింట్లో తలుపు అత్తగారే తీసింది కాబట్టి, మీవాడి నిక్కరు కొలత తీసుకోవాలి అని చెప్పి వచ్చేసింది.

శుక్రవారం సగం రోజు సెలవు పెట్టి వెళ్ళాను. తొమ్మిదింటికి పిన్ని పిన్నులు పెట్టుకుంది, నర్సమ్మ తల వాల్చింది, కండక్టర్ గారు రాడ్డు పట్టుకున్నారు, అల్లుడు నిక్కరుతో మీటింగులో చేరాడు. నా ప్రాణం కుదుటపడింది. పదింటికి తనిఖీ అధికారి వచ్చింది, కళ్ళజోడు పెట్టుకున్న నెమ్మదైన మనిషి, చేతిలో ఫారం. సీటు చూసింది, బాగుందంది. అక్కడితో ఆగిపోతుందనుకుంటే, కూర్చున్నవాళ్ళని ఒక ప్రశ్న అడగాలి అంది. ముందు కండక్టర్ గారి వైపు తిరిగింది.

"ఇది మీకు మూడో స్థానమేనాండీ?"

ఆ ప్రశ్న కోసమే పన్నెండు రోజులుగా కాచుక్కూర్చున్న మనిషాయన. ఛాతీ విరిచారు. "ఎవరమ్మా మూడోదన్నది? మాకిది మొదటి స్థానం. రాసుకోండి."

ఆవిడ కలం ఆగింది. మొదటిదా, అంటే మీరు ఉండేది ఇక్కడేనా అని అడిగింది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇక్కడే అన్నారాయన గర్వంగా. మాటలకి నర్సమ్మకి మెలకువొచ్చింది. పిన్ని సీటుకి ఏదో అన్యాయం జరుగుతోందని మాత్రం అర్థమై, నేను రోజూ పడుకునేది ఇక్కడే, ఇంత మంచి చోటు ఊళ్ళో లేదు అంది. ఆవిడ దాన్నీ రాసుకుంది. అల్లుడు చెవిలో వైరు తీసి, నా ఆఫీసు కూడా ఇదేనండీ, మొదటిదీ ఇదే, రెండోదీ ఇదే అన్నాడు. కాపురం అయింది, వ్యాపారం కూడా అయింది. వాళ్ళు ప్రేమకొద్దీ ఒక్కొక్క మాటా అంటుంటే సీటు ఒక్కొక్క బోల్టూ ఊడిపోతున్నట్టే ఉంది నాకు. ఒట్టు ఒకటి మధ్యలో అడ్డం. పిన్ని వంక చూశాను.

మిషను ఆగింది. పిన్ని నోట్లోంచి ఒక్కొక్క పిన్నూ తీసి దిండుకి గుచ్చింది. నాలుగూ గుచ్చాక లేచి బయటికొచ్చింది.

"అదంతా కొట్టెయ్యండమ్మా," అంది. "మాది మూడో స్థానమే."

కండక్టర్ గారు నమ్మలేనట్టు చూశారు. పిన్నిగారూ, మీరు తగ్గకండి, మేమున్నాం అన్నారు.

"మీరు నోరు మూసుకుని నిలబడండి," అంది పిన్ని. మళ్ళీ ఆవిడ వైపు తిరిగింది. "ఈయనకి ఇల్లుంది, ఇంటావిడ ఉంది. పగలు ఈయన ఇంట్లో ఉంటే ఆవిణ్ణి కూడా లోపలికి జరగమంటాడని బయటికి పంపుతుంది. ఈమెకి ఇల్లుంది, పైవాడికి డ్రిల్లుంది. ఈ అబ్బాయికీ ఇల్లుంది, కాకపోతే అత్తగారిది. ఆఫీసు వాళ్ళెక్కడో వేరే ఊళ్ళో ఉన్నారు. ఇక్కడికి ఊరికే వస్తారు. ఊరికే. అంటే మూడోదే కదా? నేను పుట్టిందగ్గర్నుంచీ మూడోదాన్నేనమ్మా. మూడోదంటే ఏంటో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు."

అధికారి కళ్ళజోడు సర్దుకుంది. మరి మీ ఇల్లెక్కడని అడిగింది. పిన్ని తెర వైపు చూపించింది. పని? మిషను వైపు చూపించింది. మరి మీరు ఊరికే వెళ్ళే చోటు ఏది అంది.

పిన్ని లోపలికెళ్ళి ఆ రెండెడమ చేతుల చొక్కా తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది.

"వీళ్ళు మూడ్రోజులు రాలేదు. అప్పుడు కుట్టిందిది. నేను మిషను దగ్గర్నుంచి కదలనమ్మా, వీళ్ళ మాటల్లోకే వెళ్ళొస్తుంటాను. ఆ సీటు పీకేస్తే నాకు వెళ్ళడానికి ఇంకో చోటు లేదు."

ఆవిడ చొక్కాని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక చెయ్యి చూసింది, ఇంకో చెయ్యి చూసింది, ఫారంతో మొహం అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగాక, రాసినవి మూడూ కొట్టేసి, కింద పెద్దక్షరాలతో ఏదో రాసి పిన్ని చేత సంతకం పెట్టించుకుంది. వెళ్తూ వెళ్తూ అద్దంలో ఒకసారి చూసుకుని, మళ్ళీ ఓసారి చూసుకుంది. వచ్చేవారం ఒక ప్యాంటు తెస్తానంది.

సీటు ఉండిపోయింది. నెల తిరగ్గానే కార్యాలయం నుంచి నీలంరంగు రేకు బోర్డు ఒకటి వచ్చింది. దాని మీద పేద్ద అక్షరాలతో మూడో స్థానం అని ఉంది. దారినపోయేవాళ్ళు ఆగి, పోన్లెండి వచ్చేసారి మొదటిది వస్తుంది అని పిన్నిని ఓదార్చి పోతున్నారు. కండక్టర్ గారికి పిన్ని ఇప్పటికీ నిజం చెప్పలేదు. మొదటి రెండూ ఎవరికిచ్చారో తేల్చకుండా వదలనని ఆయన ఆదివారాలు ఊరంతా తిరుగుతున్నారు. తిరగనీ, కాళ్ళకి మంచిది అంటుంది ఆవిడ.

నాకు మాత్రం ఆ బోర్డు చూసినప్పుడల్లా సిగ్గేసేది. మొన్న మా సూపరింటెండెంట్ గారిని బతిమాలి, మాట మార్చడానికి అనుమతి సంపాదించి, సంబరంగా పిన్ని దగ్గరికి పరిగెత్తాను. పిన్నీ, 'మూడో చోటు' అని కొత్త బోర్డు వేయిస్తాను, పాతది తీసేద్దాం అన్నాను.

పిన్ని తల ఎత్తలేదు, మిషనూ ఆపలేదు. ఆపితే నర్సమ్మ లేస్తుంది. నోటి నిండా పిన్నులతో ఏదో అంది. కొత్తవాళ్ళకైతే అది ఈల వేసినట్టు వినపడుతుంది. నేను చిన్నప్పట్నుంచీ వింటున్నదాన్ని కాబట్టి స్పష్టంగానే అర్థమైంది.

"ఉండనీవే. ఇంతమంది ఉండగా వచ్చిన మూడోది ఇదొక్కటే."